డిమెన్షియా రోగులున్న వార్డులో ఈహెచ్ఆర్‌ను సరిచేసుకోవడం: మొదటి నుంచి చివరిదాకా ఏ వరుసలో చేయాలి

"ఈహెచ్ఆర్ (రోగుల కంప్యూటర్ రికార్డు) వచ్చాక అన్నీ కంప్యూటర్‌లోనే రాస్తున్నాం. డిమెన్షియా పేషెంట్ వస్తే మాత్రం మళ్లీ చీటీల మీదే పడుతున్నాం. ఏం మార్చాలి?" వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్లు, క్వాలిటీ విభాగం వాళ్లు, అప్పుడప్పుడు ఐటీ వాళ్లు కూడా నన్ను ఇదే అడుగుతున్నారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

ముందు చిక్కు ఎక్కడుందో చూద్దాం. ఈహెచ్ఆర్‌లో చాలా స్క్రీన్లు రోగి జవాబు చెబుతారన్న నమ్మకంతో తయారైనవి. పేరేంటి, నొప్పి పదికి ఎంత, ఏ మందు పడదు, ఇంట్లో ఎవరున్నారు, ఈ పరీక్షకు ఒప్పుకుంటున్నారా అని అడుగుతాయి. రికార్డులో తప్పు పడితే మామూలు రోగి "అది కాదండీ" అని ఆపుతారు. జ్ఞాపకశక్తి, ఆలోచన తగ్గిపోయే డిమెన్షియా ఉన్న మనిషి ఆపలేకపోవచ్చు. అందుకే రోగి నోటిమాట మీద నడుస్తున్న ఫీల్డులన్నీ వెతికి, ఒక్కోదానికి ఇంకో ఆధారం పెట్టాలి. కింద చెప్పే దశలన్నీ ఇందుకోసమే.

1. మొదలుపెట్టే ముందు

ఒక్క వార్డుతో మొదలుపెట్టండి. ఆసుపత్రి మొత్తానికి ఒకేసారి చేయాలనుకుంటే మీటింగులే జరుగుతాయి.

టీమ్‌లో ఆరుగురు చాలు. రాత్రి డ్యూటీ చేసే స్టాఫ్ నర్సు, డ్యూటీ డాక్టరు, ఫార్మసిస్టు, ఫారాలు మార్చే అధికారం ఉన్న ఐటీ మనిషి, డిమెన్షియా ఉన్నవాళ్లను ఇంట్లో చూసుకుంటున్న కుటుంబ సభ్యులు ఒకరు. ఆరో మనిషి, తొలిదశ డిమెన్షియా ఉండి తన అభిప్రాయం చెప్పగలిగినవారు. ఈ ఆరో మనిషిని పిలవడం చాలామందికి తట్టదు. "నా గురించి ఏం రాస్తే నాకు కష్టంగా ఉంటుంది" అన్నది వాళ్లే చెప్పగలరు.

తర్వాత మీ చేతిలో ఏముందో తేల్చుకోండి. మార్పులను మూడు కుప్పలుగా విడదీయండి:

- మన ఐటీ వాళ్లే చేయగలిగేవి: ఫారంలో ప్రశ్నల వరుస, డిఫాల్ట్ విలువలు, ఫ్లాగులు, అలర్టులు
- సాఫ్ట్‌వేర్ కంపెనీ చేయాల్సినవి: రోగి హెడర్ (స్క్రీన్ పైభాగంలో రోగి వివరాలుండే చోటు) రూపం, కొత్త రకం ఫీల్డులు
- సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేని పని పద్ధతులు: ఎవరు, ఎప్పుడు, ఎవరిని అడిగి నింపాలి

మూడో కుప్ప అనుకున్నదానికంటే ఎప్పుడూ పెద్దదే. దాన్ని పట్టించుకోకుండా స్క్రీన్ ఒక్కటే మారిస్తే నెల తిరిగేసరికి పరిస్థితి మళ్లీ మొదటికొస్తుంది.

ఏదైనా మార్చేముందే కొలవండి. తర్వాత కొలిస్తే పోల్చడానికి ఏమీ ఉండదు. కొలవాల్సినవి:

- అడ్మిషన్ ఫారం పూర్తికి పట్టే నిమిషాలు
- అప్పుడే డ్యూటీకి వచ్చిన నర్సు ఈ ఐదు ప్రశ్నలకు జవాబు వెతకడానికి పట్టే సమయం: ఈ మనిషి మామూలుగా ఎలా ఉంటారు, ఎలాంటి ఆహారం మింగగలరు, నొప్పిని ఎలా చూపిస్తారు, ఏ మందు ఇవ్వకూడదు, ఎవరికి ఫోన్ చేయాలి
- గత 20 మంది డిమెన్షియా రోగుల చార్టుల్లో ఆ ఐదింటిలో ఎన్ని ఖాళీగా ఉన్నాయి
- సిస్టమ్ యూజబిలిటీ స్కేల్ స్కోరు

చివరిది, సాఫ్ట్‌వేర్ వాడటం ఎంత తేలికో కొలవడానికి జాన్ బ్రూక్ 1986లో తయారుచేసిన పది ప్రశ్నల పట్టిక. సిబ్బంది ఐదు నిమిషాల్లో నింపేస్తారు. స్కోరు 0 నుంచి 100 వరకు ఉంటుంది. చూడటానికి శాతంలా ఉన్నా శాతం కాదు. 68ని సగటుగా తీసుకుంటారు. 60 వచ్చిందంటే ఫస్ట్ క్లాస్ అనుకోకండి, సగటు కంటే తక్కువ వచ్చినట్టు లెక్క.

2. రెండు షిఫ్టులు నిలబడి చూడండి

ఒక పగలు, ఒక రాత్రి వార్డులో ఉండండి. ఇంటర్వ్యూలు తర్వాత చేసుకోవచ్చు. ఇబ్బంది ఏమిటని అడిగితే "ఏం లేదండీ, అలవాటైపోయింది" అంటారు. అదే మనిషి ఒక అలర్జీ వెతకడానికి ఆరు ట్యాబులు తెరవడం పక్కన నిలబడితే కనిపిస్తుంది.

చీటీలు వెతకండి. మానిటర్ అంచుకు అంటించినవి, మంచం తలవైపు టేపు వేసినవి, నర్సుల జేబుల్లో మడిచి ఉన్నవి. ప్రతి చీటీ స్క్రీన్ చేయలేకపోతున్న ఒక పనిని చూపిస్తుంది. చీటీలో ఏముందో మీ మాటల్లో రాసుకోండి. రోగి వివరాలున్న చీటీని ఫోన్‌తో ఫొటో తీయకండి.

నేను పనిచేసిన ఒక వార్డులో జరిగింది చెబుతాను. ఒక పెద్దావిడ మూడు రోజులుగా "స్పందన లేదు, అయోమయం" అని నోట్సులో ఉంది. రౌండ్స్‌లో అందరూ అదే మాట చెప్పారు. నాలుగో రోజు కొడుకు వచ్చి డ్రాయర్ తెరిచి వినికిడి యంత్రం తీసి చెవికి పెట్టాడు. ఆవిడ వెంటనే నీళ్లడిగారు. ఆ యంత్రం ఉందన్న సంగతి రికార్డులో లేక కాదు. "రోగి వెంట తెచ్చిన వస్తువులు" అన్న ట్యాబులో, చేతి గడియారానికీ చెప్పులకూ మధ్య ఉంది. ఆ ట్యాబును డిశ్చార్జి రోజు తప్ప ఎవరూ తెరవరు.

ఇలాంటి సందర్భాల్లో సమాచారం ఉన్నా పనికిరాదు. మీరు చూస్తున్నప్పుడు ప్రతి ఫీల్డుకీ మూడు సంగతులు రాసుకోండి: జవాబు ఎవరు చెబుతున్నారు, ఎక్కడ నమోదవుతోంది, అవసరమైన మనిషికి అవసరమైన నిమిషంలో కనిపిస్తోందా.

3. గుర్తింపు: మొదట ఇది సరిచేయండి

"మీరు ఫలానా గారేనా?" అని అడిగితే డిమెన్షియా ఉన్నవారు ఎవరి పేరు చెప్పినా "ఆ" అనొచ్చు. "మీ పేరు చెప్పండి" అన్నా పెళ్లికి ముందు ఇంటిపేరు చెప్పొచ్చు, పుట్టినరోజు తప్పు చెప్పొచ్చు. ఏ పనికైనా కనీసం రెండు గుర్తింపులు చూడాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఇక్కడ ఆ రెండూ రోగి నోటినుంచి వచ్చేవి కాకూడదు.

చేయాల్సింది:

- చేతిపట్టీ బార్‌కోడ్ ఒకటో గుర్తింపు. రికార్డు హెడర్‌లో, మందుల స్క్రీన్ మీద రోగి ఫొటో రెండోది. ఫొటోకు అనుమతి తీసుకోండి.
- పట్టీ పీకేసుకునేవారికి ఎడమచేతికి బదులు కాలికి వేయండి. ఎక్కడ వేశారో హెడర్‌లో రాయండి.
- పట్టీ లేకపోతే ఏం చేయాలో స్క్రీన్ మీదే చూపించండి: ఫొటో పోల్చడం, ఆ రోగి తెలిసిన రెండో నర్సు నిర్ధారణ, వెంటనే కొత్త పట్టీ.
- ఒకే వార్డులో దగ్గరి పేర్లున్న ఇద్దరుంటే ఇద్దరి హెడర్లలోనూ హెచ్చరిక.

ఎక్కువగా చూసే తప్పు: నిద్రపోతున్న రోగిని లేపడం ఎందుకని బార్‌కోడ్ నకలు ప్రింటు తీసి ఫైలు మీదో మంచానికో అంటించి, దాన్ని స్కాన్ చేయడం. కంప్యూటర్ లెక్కలో స్కానింగ్ నూటికి నూరు శాతం జరిగినట్టే. నకలు లేబుళ్లకు వేరే కోడ్ ఇచ్చి, మందుల స్క్రీన్ దాన్ని తీసుకోకుండా చేయమని ఐటీ వాళ్లకు చెప్పండి. ఇది చాలా చిన్న మార్పు.

4. "ఒక్క చూపు" ప్యానెల్

ఒకే ఒక్క మార్పుకు సమయం ఉందంటే ఇది చేయండి. రికార్డు తెరవగానే, కిందికి జరపకుండా కనిపించే చిన్న ప్యానెల్. వరుస ఇలా ఉండాలి:

- ఏ పేరుతో పిలిస్తే పలుకుతారు, ఏ భాషలో
- కళ్లద్దాలు, వినికిడి యంత్రం, పళ్లసెట్టు: ఉన్నాయా, ఇప్పుడు పెట్టుకుని ఉన్నారా
- రెండు వారాల క్రితం ఎలా ఉన్నారు: నడక, మాట, తిండి, బాత్రూమ్
- ఇప్పుడు దానికంటే తేడా ఉందా
- మింగడం: ఆహారం, ద్రవాలు ఏ చిక్కదనంలో
- నొప్పి ఉంటే ఎలా తెలుస్తుంది
- ఏం చేస్తే కంగారుపడతారు, ఏం చేస్తే నెమ్మదిస్తారు
- పడిపోయే ప్రమాదం, వార్డు దాటి వెళ్లిపోయే ప్రమాదం
- ఇవ్వకూడని మందులు
- నిర్ణయాలకు ఎవరు, అర్ధరాత్రి ఫోన్ చేయొచ్చా

పిలిచే పేరు పైన ఎందుకంటే, గదిలోకి అడుగుపెట్టిన ఎవరికైనా మొదటి పది సెకన్లలో అవసరమయ్యేది అదే. వినికిడి యంత్రం రెండోది ఎందుకో పైన చెప్పిన కథే చెబుతుంది. ఇవ్వకూడని మందులు ఇంత కిందున్నాయేమని డాక్టర్లు అడుగుతారు. అవి మందులు రాసే స్క్రీన్‌లో ఎలాగూ పైనే ఉండాలి. ఇక్కడున్నది మంచం పక్కన నిలబడ్డవారి కోసం.

మింగడానికి సొంత మాటలు వాడకండి. "మెత్తగా" అంటే ఒక్కొక్కరికి ఒక్కో అర్థం. ఆహారం, ద్రవాల చిక్కదనాన్ని అంకెల్లో చెప్పే అంతర్జాతీయ ఐడీడీఎస్ఐ పద్ధతిలో 0 నుంచి 7 వరకు స్థాయిలున్నాయి. ద్రవాలకు 0–4, ఆహారానికి 3–7. ఆ అంకెను, పక్కన ఒక ముక్కలో వివరణను పెట్టండి. వంటశాల ఆర్డర్ కూడా ఇదే ఫీల్డు నుంచి వెళ్లాలి. రెండుచోట్ల రాస్తే ఏదో ఒక రోజు రెండూ వేరవుతాయి.

ప్రతి లైను చివర ఎవరు చెప్పారు, ఏ తేదీన అన్నది చిన్న అక్షరాల్లో ఉండాలి. "కూతురు, 12వ తేదీ" అని ఉంటే నమ్మాలా, మళ్లీ అడగాలా అన్నది తెలుస్తుంది. తేదీ లేని లైను గత ఏడాదిదో నిన్నటిదో ఎవరికీ తెలియదు.

ఇంకో సంగతి, మాటల గురించి. "సహకరించరు", "అగ్రెసివ్", "మొండి" అన్న ముద్రలు ఒకసారి పడితే అడ్మిషన్ తర్వాత అడ్మిషన్‌కు అంటుకుని వస్తాయి. డ్రాప్‌డౌన్‌లో అలాంటి మాటలుంటే తీసేయించండి. బదులుగా ఏం జరిగింది, ఏం పనిచేసింది అన్న రెండు ఖాళీలు పెట్టండి. "స్నానం చేయిస్తుంటే చేయి విసిరారు, ముందు వేడినీళ్లలో తువ్వాలు ముంచి చేతికిస్తే ఊరుకున్నారు." ఈ వాక్యం చదివిన తర్వాతి నర్సుకు పని తెలుస్తుంది. "అగ్రెసివ్" అని చదివితే భయం తప్ప ఏమీ తెలియదు.

బ్రిటన్‌లో అల్జీమర్స్ సొసైటీ "దిస్ ఈజ్ మీ" అనే కరపత్రం ఇస్తుంది. రోగి అలవాట్లు, ఇష్టాయిష్టాలు కుటుంబం నింపి ఆసుపత్రికి తెస్తుంది. ఇలాంటి కాగితం మీ దగ్గరుంటే స్కాన్ చేసి "డాక్యుమెంట్లు" ట్యాబులో పడేయకండి. ఒకరు కూర్చుని ప్యానెల్ లైన్లలోకి ఎక్కించాలి. ఎక్కించడానికి పది నిమిషాలు పడుతుంది, స్కాన్ చేయడానికి పది సెకన్లు. అందుకే అందరూ స్కాన్ చేస్తారు, తర్వాత దాన్ని ఎవరూ చదవరు.

రంగు ఒక్కదాని మీద ఆధారపడకండి. అక్షరాలకు, వెనక రంగుకు మధ్య కనీసం 4.5:1 వెలుగు తేడా (కాంట్రాస్ట్) ఉండాలి. రాత్రి దీపాలు తగ్గించాక, రెండు మీటర్ల దూరం నుంచి చదవగలిగితే చాలు.

5. అడ్మిషన్ ఫారం: ఎవరు చెప్పారు, ఎప్పుడు అడగాలి

మొదటి ప్రశ్న "సమాచారం ఇచ్చింది ఎవరు?" కావాలి. రోగి, కలిసి ఉండే కుటుంబ సభ్యులు, వేరేచోట ఉండే బంధువు, వృద్ధాశ్రమం సిబ్బంది, ఎవరూ లేరు. దూరంగా ఉండి పండక్కి వచ్చిపోయే కొడుకు చెప్పేదానికీ, రోజూ అన్నం కలిపి పెట్టే కోడలు చెప్పేదానికీ తేడా ఉంటుంది.

ఖాళీల్లో మూడు రకాలున్నాయి. మామూలు ఫారాలు మూడింటినీ ఒకేలా చూస్తాయి:

- లేదు (అడిగాం, లేదని నమ్మదగిన మనిషి చెప్పారు)
- తెలియదు (అడిగాం, చెప్పగలిగేవారు లేరు)
- అడగలేదు (ఇంకా కుదరలేదు)

రోగి తల అడ్డంగా ఊపితే "అలర్జీలు లేవు" అని టిక్ పడుతుంది. అసలు చిక్కు ఇక్కడే. అలర్జీ, మందులు, పడిపోయిన చరిత్ర, మింగడం: కనీసం ఈ నాలుగింటికి మూడు జవాబులూ విడిగా పెట్టించండి. "తెలియదు", "అడగలేదు" అన్నవి తర్వాతి షిఫ్టు పనుల జాబితాలోకి వాటంతటవే వెళ్లాలి.

ఫారాన్ని సమయం ప్రకారం మూడు ముక్కలు చేయండి. మొదటి గంటలో అలర్జీ, మింగడం, పడిపోయే ప్రమాదం, ఫోన్ నంబరు. మొదటి 24 గంటల్లో మామూలు స్థితి, మందుల జాబితా, డెలిరియం (జబ్బు వల్ల హఠాత్తుగా వచ్చే అయోమయం) స్క్రీనింగ్. 72 గంటల్లో అలవాట్లు, ఇంటి పరిస్థితి, డిశ్చార్జి ఆలోచన. అన్నీ మొదటి గంటలోనే తప్పనిసరి చేస్తే ఖాళీల్లో చుక్కలు పెడతారు. నేను చూసిన ఒక చార్టులో "ఇష్టమైన పనులు" దగ్గర వరుసగా మూడు చుక్కలున్నాయి. పాపం, ఆ రాత్రి ఆ సిస్టరుకు పదిహేను మంది పేషెంట్లు.

పాత అడ్మిషన్ సమాచారం పక్కన చూపించండి, అలాగే కాపీ అయ్యేలా మాత్రం పెట్టకండి. "ఇప్పటికీ ఇంతేనా?" అని ఒక్కో లైనుకు అవును, కాదు నొక్కాలి.

రోగ నిర్ధారణ కోడు దగ్గర కొంచెం ఆగండి. "డిమెన్షియా, రకం తెలియదు" అని వదిలేయడం తేలిక. కానీ మందుల హెచ్చరికలు రకం మీద ఆధారపడతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల కోడ్ల పట్టిక ఐసీడీ-11లో అల్జీమర్స్ 6డీ80, రక్తనాళాల సమస్యతో వచ్చేది 6డీ81, లెవీ బాడీ 6డీ82, ఫ్రంటోటెంపోరల్ 6డీ83. డెలిరియం విడిగా 6డీ70. రకం తెలిసిన రోజే మార్చండి. అనుమానం మాత్రమే ఉంటే "అనుమానం" అనే ఉండాలి. ఎమర్జెన్సీలో ఒకరు తొందరలో పెట్టిన డిమెన్షియా కోడు, నయమైపోయిన డెలిరియం తర్వాత కూడా మనిషిని వదలకపోవడం నాకు తెలుసు.

6. స్కోర్లు: చిన్న ఖాళీలు, పెద్ద తప్పులు

డెలిరియం స్క్రీనింగ్‌కు 4ఏటీ వాడుతున్నారనుకుందాం. నాలుగు అంశాలు: మెలకువ, నాలుగు చిన్న ప్రశ్నలు, నెలల పేర్లు వెనక్కి చెప్పడం, హఠాత్తుగా వచ్చిన మార్పు. మొత్తం 0–12. 4 లేదా అంతకు మించితే డెలిరియం ఉండొచ్చు. 1–3 అయితే మతి సంబంధమైన ఇబ్బంది ఉండొచ్చు.

ఫారం కట్టేటప్పుడు జరిగే తప్పు ఇదీ. రోగి జవాబే చెప్పలేకపోతే నర్సు ఆ గడి ఖాళీగా వదిలేస్తుంది, కంప్యూటర్ దాన్ని సున్నాగా కూడుతుంది. 4ఏటీ నియమం దీనికి పూర్తిగా వ్యతిరేకం: రెండో, మూడో అంశాల్లో "పరీక్షించడం కుదరలేదు" అంటే ఒక్కోదానికి 2. అందరికంటే జబ్బుగా ఉన్న మనిషికి అందరికంటే మంచి స్కోరు రావడం ఇలాగే జరుగుతుంది. "కుదరలేదు" అన్న బటన్‌ను జవాబుల వరుసలోనే పెట్టండి. ఏ గడి ఖాళీ ఉన్నా మొత్తం స్కోరు చూపించకండి.

నాలుగో అంశానికి జవాబు కుటుంబం నుంచి రావాలి. అడిగే మాట కూడా స్క్రీన్ మీద ఉంచండి: "మామూలుగా ఇలాగే ఉంటారా, ఈ మధ్యే మారారా?"

నొప్పికి పెయినాడ్ (మాట్లాడలేని రోగిని చూసి నొప్పిని అంచనా వేసే పట్టిక) వాడితే ఇంకో ఉచ్చు ఉంది. ఊపిరి, మూలుగు, ముఖం, శరీరం, ఓదారిస్తే ఊరుకోవడం: ఐదు అంశాలు, మొత్తం 0–10. రోగి నోటితో చెప్పే నొప్పి అంకె కూడా 0–10. చాలా సాఫ్ట్‌వేర్లు రెండింటినీ ఒకే గ్రాఫులో ఒకే గీతగా కలిపేస్తాయి. చూసి అంచనా వేసిన 4, నోటితో చెప్పిన 4 ఒకటి కావు. రెండు గీతలు, రెండు గుర్తులు పెట్టించండి. పడుకుని ఉన్నప్పుడు చూశారా, పక్కకు తిప్పుతున్నప్పుడు చూశారా అన్నది కూడా ఒక టిక్. కదలనప్పుడు సున్నా ఉన్న నొప్పి కదిలితే ఏడు కావొచ్చు.

ఎంఎంఎస్ఈ, మోకా లాంటి పొడుగు జ్ఞాపకశక్తి పరీక్షలను అడ్మిషన్ ఫారం నుంచి తీసేయండి. ఒంట్లో బాగాలేక, కొత్తచోట, నిద్రలేక ఉన్న మనిషికి వచ్చే స్కోరు ఆయన అసలు జ్ఞాపకశక్తిని చెప్పదు. కానీ రికార్డులో మాత్రం శాశ్వతంగా ఉండిపోతుంది.

7. మందులు, అలర్టులు

అలర్టులు పెంచడం తేలిక, అందుకే ఎవరూ చదవరు. 2006లో వచ్చిన ఒక పరిశోధన సమీక్షలో మందుల భద్రత అలర్టుల్లో 49 నుంచి 96 శాతం వరకు డాక్టర్లు దాటేసినట్టు తేలింది. కొత్త అలర్టు పెట్టేముందు పాతవి రెండు తీసేయమని నేను చెబుతాను.

పని ఆపేసే అలర్టు ఒకట్రెండు సందర్భాలకే ఉంచండి. లెవీ బాడీ డిమెన్షియా లేదా పార్కిన్సన్స్ ఉన్నవారికి హాలోపెరిడాల్ (తీవ్రమైన మానసిక లక్షణాలకు ఇచ్చే యాంటీసైకోటిక్ మందు) రాస్తే ఆపాలి. వాళ్లలో శరీరం బిగుసుకుపోయి ప్రాణం మీదికి రావొచ్చు. డాక్టరు కారణం రాస్తే తప్ప ముందుకు వెళ్లకూడదు. పక్కనే ప్రత్యామ్నాయం చూపించండి. "వద్దు" అని మాత్రమే చెప్పే అలర్టు రాత్రి రెండింటికి పనికిరాదు.

మిగతావి ఆపకుండా పక్కన కనిపిస్తే చాలు. డైఫెన్‌హైడ్రమిన్, ఆక్సిబ్యూటినిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి అయోమయాన్ని పెంచుతాయి. మందు పేరు పక్కన చిన్న గుర్తు ఉంటే రాసేవారికి కనిపిస్తుంది. డిమెన్షియా ఉన్న వృద్ధులకు యాంటీసైకోటిక్‌లతో మరణ ప్రమాదం పెరుగుతుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లో కొత్త తరం మందుల మీద, 2008లో పాతవాటి మీద కూడా గట్టి హెచ్చరిక ముద్రించమని కంపెనీలకు చెప్పింది. కాబట్టి వీటి ఆర్డరుకు రెండు షరతులు పెట్టండి: ముందు మందు లేకుండా ఏం ప్రయత్నించారో రాయాలి, ఆర్డరుకు ముగింపు తేదీ డిఫాల్ట్‌గా ఉండాలి.

అదే ఆర్డర్ సెట్‌లో మందుకు పైన ఈ చెక్‌లిస్టు ఉంచండి:

- మూత్రం ఆగిపోయిందా
- మలబద్ధకం ఉందా
- నొప్పి చూశారా, తిప్పుతున్నప్పుడు కూడా
- జ్వరం, ఆక్సిజన్, షుగర్ చూశారా
- కళ్లద్దాలు, వినికిడి యంత్రం పెట్టుకుని ఉన్నారా
- నిన్న కొత్తగా మొదలైన మందు ఏదైనా ఉందా

డిమెన్షియాకు ఇచ్చే రివాస్టిగ్మిన్ ప్యాచ్ (చర్మానికి అంటించే మందు పట్టీ) గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పాతది తీయకుండా కొత్తది అంటిస్తే మోతాదు రెట్టింపవుతుంది. వీపు మీది ప్యాచ్ సంగతి రోగి చెప్పరు. మందుల స్క్రీన్‌లో "కొత్తది అంటించాను" నొక్కేముందు "పాతది తీశాను" నొక్కాలి. శరీరం బొమ్మ మీద చోటు గుర్తించాలి, ఎందుకంటే అదే చోట 14 రోజుల్లోపు మళ్లీ వేయకూడదు. మూడు రోజులకు మించి ఆగితే పాత మోతాదుతో మొదలుపెట్టకూడదు, అతి తక్కువ నుంచి మళ్లీ ఎక్కాలి. ఈ లెక్క మనుషుల గుర్తుకు వదలకండి, సాఫ్ట్‌వేర్‌తోనే చేయించండి.

"మందు ఇవ్వలేదు" అన్నచోట కారణాలు విడదీయండి: వద్దన్నారు, మగతగా ఉన్నారు, మింగలేకపోయారు, ఉమ్మేశారు. మింగలేకపోవడం రెండుసార్లు నమోదైతే మింగుడు పరీక్షకు సూచన వెళ్లాలి. మాత్ర నూరి ఇవ్వొచ్చా లేదా అన్నది ఫార్మసిస్టు నింపే ఫీల్డు. నెమ్మదిగా విడుదలయ్యే మాత్రలను నూరకూడదు.

8. నిర్ణయాలు, అనుమతులు

"నిర్ణయం తీసుకునే సామర్థ్యం: ఉంది / లేదు" అన్న ఒక్క టిక్ ఉంటే తీసేయించండి. ఆ సామర్థ్యం నిర్ణయాన్ని బట్టి, సమయాన్ని బట్టి మారుతుంది. పొద్దున్న ఏ కూర కావాలో చెప్పగలిగిన మనిషి ఆపరేషన్ లాభనష్టాలు తూచలేకపోవచ్చు, సాయంత్రానికి అదీ మారొచ్చు. ఏ నిర్ణయం, ఏ తేదీ, ఎవరు పరీక్షించారు, ఎందుకలా అనుకున్నారు, మళ్లీ ఎప్పుడు చూడాలి: ఐదు ఖాళీలు.

ఫోన్ చేయాల్సిన మనిషి, చట్టప్రకారం నిర్ణయం తీసుకోగల మనిషి వేర్వేరు ఫీల్డులు. ఇద్దరూ ఒకరే అయినా విడిగానే రాయండి. చట్టం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఫారం మాటలను మీ న్యాయ సలహాదారుతో చూపించుకోండి.

కుటుంబానికి ఆన్‌లైన్‌లో రికార్డు చూపిస్తే వాళ్లకు వేరే లాగిన్ ఇవ్వండి. రోగి పాస్‌వర్డ్ కూతురి ఫోన్లో ఉంటే, సందేశం పంపింది ఎవరో మీకెప్పటికీ తెలియదు.

9. వదిలేముందు పరీక్షించండి

అసలు రోగుల మీద కాకుండా పరీక్ష సర్వర్‌లో కల్పిత రోగులతో చేయండి. ఒక్కో రకం సిబ్బంది నుంచి ఐదుగురు చొప్పున చాలు. ఐదుగురితోనే చాలావరకు లోపాలు బయటపడతాయని యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ చూపించాడు. నర్సులు ఐదుగురు, డాక్టర్లు ఐదుగురు అని విడిగా లెక్కపెట్టుకోండి. నర్సుకు తట్టిన అడ్డంకి డాక్టరుకు కనిపించదు.

పనులు ఇచ్చి చూడండి, సాయం చేయకండి. చేయి మౌస్ మీదికి పోతుంటే వెనక్కి లాక్కోండి. ఏమనుకుంటున్నారో బయటికి చెబుతూ చేయమనండి. ఇవ్వాల్సిన పనులు:

- ఎవరూ తోడు లేని, మాట్లాడని రోగిని చేర్చండి
- ఈ రోగికి ఇప్పుడు ఏం తాగించొచ్చో చెప్పండి
- ప్యాచ్ మార్చండి (పాతది ఎక్కడుందో చెప్పం)
- 4ఏటీ చేయండి, రోగి జవాబివ్వరు
- కంగారుగా ఉన్న లెవీ బాడీ రోగికి రాత్రి ఆర్డరు రాయండి
- పట్టీ లేని రోగికి మందు ఇవ్వండి

మధ్యలో రెండుసార్లు పిలిచి పని ఆపించండి. వార్డులో ఎవరూ ఒక ఫారం ఒక్క ఊపులో నింపరు. తిరిగొచ్చేసరికి నింపింది పోతే అది అన్నిటికంటే పెద్ద లోపం.

10. మొదలుపెట్టే రోజు

వారం మధ్యలో ఉదయం మొదలుపెట్టండి. మొదటి ఐదు రాత్రులూ, ఈ మార్పులు తెలిసిన మనిషి వార్డులో ఉండాలి. పగలు ఐటీ ఉంటుంది, సందేహాలన్నీ రాత్రే వస్తాయి.

కంప్యూటర్ ఆగిపోతే? ప్రతి షిఫ్టు మొదట్లో "ఒక్క చూపు" ప్యానెల్ ప్రింటు తీసి తాళం ఉన్న డ్రాయర్లో పెట్టండి, పాతది చింపేయండి.

11. తర్వాత వచ్చే ఇబ్బందులు

ప్యానెల్ నింపడం లేదు: అది ఎవరి పనో తేలలేదని అర్థం. సందర్శన వేళల్లో కుటుంబాన్ని కలిసే నర్సుకు అప్పగించండి.

ప్యానెల్ పొడుగైపోయింది: ప్రతి విభాగం ఒక లైను చేర్చమంటుంది. కొత్తది చేరాలంటే పాతది ఒకటి పోవాలన్న నియమం పెట్టండి.

నోట్సులన్నీ ఒకేలా ఉన్నాయి: నిన్నటిది కాపీ చేస్తున్నారు. "నిన్నటికీ ఇవాళ్టికీ మారిందేమిటి" అన్న ఒక ఖాళీ పైన పెట్టి, దానికి మాత్రం కాపీ ఆపేయండి. నిశ్శబ్దంగా మగతలోకి జారిపోయే డెలిరియం దొరికేది ఈ ఖాళీలోనే.

డిశ్చార్జి సమ్మరీలో డిమెన్షియా సమాచారం లేదు: ప్యానెల్‌ను సమ్మరీకి నేరుగా కలపండి. ఆపేసిన మందులు, ఎందుకు ఆపారో కూడా రావాలి. లేకపోతే వారంలో ఇంటి దగ్గర డాక్టరు మళ్లీ మొదలుపెడతారు. కుటుంబానికి ఇచ్చే కాపీలో సంక్షిప్త పదాలు వద్దు.

అప్‌డేట్ వచ్చాక పాత తప్పు తిరిగొచ్చింది: ఇది తప్పకుండా జరుగుతుంది. తొమ్మిదో దశలోని ఆరు పనులను ఒక కాగితం మీద రాసి ఉంచుకోండి. ప్రతి అప్‌డేట్‌కు ముందు పరీక్ష సర్వర్‌లో ఒక నర్సు ఆ ఆరూ చేసి చూడాలి. అన్నిటికంటే ముందు 4ఏటీ చూడండి. "కుదరలేదు" నొక్కితే మొత్తంలో 2 కలవాలి. కలవకపోతే ఆ అప్‌డేట్‌ను వార్డులోకి రానివ్వకండి.